గంగమణక్కకు ఇచ్చిన ఏడు గడ్డలు

ఏడు లిల్లీ గడ్డలు. తూకం వేస్తే అరకిలో కూడా తూగవు. పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాను. వంట చేస్తూ చేస్తూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను ఒక్కోసారి. "ఏమైంది?" అని మా ఆయన అడిగితే, ఉప్పు వేశానో లేదో గుర్తు రావట్లేదంటాను. ఉప్పు సంగతి నాకు బాగానే గుర్తుంటుంది.

నా పేరు చెప్పను. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఆగేదాన్ని కాదు. ఊరు మాత్రం దాచను, బాన్సువాడ. ఆవిడ పేరు గంగమణి అనుకోండి. అసలు పేరు కాదు. మా వైపు వీధికి ఇద్దరు గంగమణులుంటారు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

చేసిందేమిటో ముందే చెప్పేస్తాను. లేకపోతే చుట్టూ తిరిగి, నన్ను నేను మంచిదాన్నిగా చూపించుకుని, తీరా అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్న మనిషికి, నేను చేజేతులా చంపిన గడ్డలిచ్చి నాటుకోమన్నాను. అవి మొలవలేదు. ఆవిడ తన చెయ్యి చెడిపోయిందనుకుంది. నేను అనుకోనిచ్చాను.

ఇంతేనా, దీనికింత రాద్ధాంతమా అంటారేమో. ఆ చెయ్యి ఎలాంటిదో మీకు తెలియదు. అది చెప్పాలి.

నేను కోటగిరి దగ్గర క్యాంపులో పుట్టాను. మా తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని ఉండిపోయారు. అలా వచ్చినవాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. పెళ్ళయ్యాక మా ఆయనకి బాన్సువాడలో ఎరువుల దుకాణంలో పని దొరికింది. ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాం, తర్వాత దాన్నే కొనుక్కున్నాం. పక్కిల్లు గంగమణక్కది. వాళ్ళు ఇక్కడి పాత రైతులు. ఊరి బయట వరి, చెరుకు. రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ.

ఆ గోడ మీదుగా ఎన్ని గిన్నెలు అటూ ఇటూ వెళ్ళాయో లెక్కలేదు. నా గోంగూర పచ్చడి అటు, ఆవిడ సర్వపిండి ఇటు. దిగిన మొదటి రోజు, "ఏమండీ, మంచినీళ్ళు ఎన్నింటికి వస్తాయండీ?" అని అడిగాను. ఆవిడ బట్టలారేస్తున్నదల్లా ఆగిపోయి, పడీ పడీ నవ్వింది.

"ఏందే పిల్లా, అండీ అండీ అంటవ్? నేనేమన్న తాసీల్దార్‌నా? అక్కా అను, సరిపోతది."

అంతే, అక్క అయిపోయింది. నాకంటే పదేళ్ళు పెద్ద. పొడగరి. నవ్వితే వీధి చివరిదాకా వినపడేది. చెరుకు సీజన్లో ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు మా వీధి మలుపులో నెమ్మదించేవి. ఇద్దరు పిల్లల తల్లి, కొంగు నడుముకి దోపుకుని, కదిలే ట్రాలీలోంచి ఒక్క లాగు లాగి చెరుకుగడ పీకేది. డ్రైవరు తిడితే అంతకు రెండింతలు తిట్టి, ఆ గడ మోకాలికేసి విరిచి సగం నాకిచ్చేది. ఇద్దరం గోడకి ఆనుకుని నమిలి పిప్పి ఊస్తూ కూర్చునేవాళ్ళం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వొచ్చిన మరుక్షణం ఏడుపొస్తుంది.

ఇక ఆ చెయ్యి. నాట్లు మొదలుపెట్టేటప్పుడు మొదటి నారు ముద్ద ఎవరు పడితే వాళ్ళు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషిని పిలుస్తారు. ఆవిడ మడిలో దిగి, తూర్పుకి తిరిగి, నాలుగు పోచలు మట్టిలో గుచ్చాకే కూలీలు వంగుతారు. చుట్టుపక్కల అయిదారు ఊళ్ళకి ఆ మనిషి గంగమణక్కే. తొలకరిలోనూ, మళ్ళీ చలికాలపు యాసంగి పంటకీ, పొద్దున్నే ఆవిడ గుమ్మం ముందు ఎవరిదో ఒక ఆటో నిలబడి ఉండేది. "అక్కా, గీసారి గూడ నువ్వే రావాలె" అని బతిమాలేవాళ్ళు. ఆవిడ తలారా స్నానం చేసి, పసుపు రాసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని ఆటో ఎక్కేది. తిరిగొచ్చేసరికి ఒళ్ళో బియ్యం, రవికె గుడ్డ, పిక్కలదాకా ఎండిన బురద. ఆ బురదతోనే వచ్చి గోడ దగ్గర నిలబడి, ఏ మడి ఎలా ఉందో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడట్లేదో అన్నీ చెప్పేది. చదువుకోలేదు, ఊరు దాటి పెద్దగా ఎక్కడికీ పోలేదు. కానీ ఆ చెయ్యి ఆవిడకి పెద్ద ఉద్యోగంలాంటిది. దాని మీద ఆవిడకి ఎంత గౌరవమో! ఆ చేత్తో ఎవరినీ కొట్టేది కాదు, పిల్లల్ని సైతం.

లిల్లీలు మా అమ్మవి. మా అమ్మ వాటిని నేలసంపెంగలనేది, ఇక్కడ పూలబండ్ల మీద మాత్రం లిల్లీలంటేనే తెలుస్తుంది. తెల్లగా, ఒక్కో కాడకి పాతిక మొగ్గలు, సాయంత్రమైతే ఇల్లంతా వాసన. నేను కాపురానికి వచ్చినప్పుడు అమ్మ యూరియా సంచిలో మట్టితో సహా గడ్డలు కట్టి ఇచ్చింది. "నువ్వు పెట్టిన పూలు జడలో పెట్టుకునేదాకా నాకు తోచదే" అంది. వాటిని గేటు పక్కన నాటాను. రెండేళ్ళయింది, మూడేళ్ళయింది. ఆకులు, ఆకులు, ఆకులు. మోకాలెత్తు పెరిగాయి గానీ ఒక్క పువ్వు లేదు. మా ఆయన దుకాణం నుంచి ఎరువు తేవడం, నేను గుప్పిళ్ళతో చల్లడం, పొద్దునా సాయంత్రం నీళ్ళు గుమ్మరించడం. అవి మరింత పచ్చగా నవ్వేవి.

రెండో ఏడు గంగమణక్క నాలుగు గడ్డలడిగి తీసుకుంది. కాసింత పెంటఎరువు, పొయ్యి బూడిద వేసి నాటి, వాటి సంగతే మర్చిపోయింది. ఆ వానల్లో ఆవిడ వాకిట్లో తొమ్మిది కాడలు లేచాయి. మరుసటి ఏడు ఎన్ని లేచాయో చెప్పలేను. రోజూ కోసి గోడ మీద నా వాటా పెట్టేది. నిజం చెప్పొద్దూ, ఆ పూలు జడలో పెట్టుకుంటుంటే నా కడుపు మండేది.

అమ్మ వచ్చింది ఆ ఏడు. ఆటో దిగి, నా ఆకుల వైపు ఒకసారి చూసి, సరాసరి గోడ దగ్గరికి వెళ్ళింది. గంగమణక్క గుప్పెడు పూలు తెచ్చిచ్చింది. అమ్మ వాటిని వాసన చూసి, అక్కడే నిలబడి ముడిలో పెట్టుకుని, నా వైపు తిరిగి అంది:

"చెయ్యంటే ఇదీ. నా గడ్డలకి ఈ చెయ్యి దొరికింది, నీకు ఆకులే రాసిపెట్టి ఉన్నాయి."

నవ్వులాటకే అంది. గంగమణక్క కూడా, "అట్లనకు చిన్నమ్మా, చెల్లె గూడ పూయిస్తది, జర ఆగు" అని నన్నే వెనకేసుకొచ్చింది. కానీ ఆ మాట నాకు ఎక్కడో దిగబడిపోయింది. నా అమ్మ. నా గడ్డలు. ఇంకొకరి పూలు పెట్టుకుంది. ఇంత చిన్నదానికా అని ఇప్పుడు అడుగుతున్నాను నన్ను నేనే. అప్పుడు అది చిన్నదిగా లేదు.

ఆ తర్వాతి ఎండాకాలం మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. పాత రోడ్డు మీదే మందంగా పోసేసరికి గంగమణక్క వాకిలి మూరెడు కిందికి పోయింది. నా గేటు ముందున్న కానుగ చెట్టు అడ్డమని కొట్టేశారు. తొలకరి పడగానే వీధి నీళ్ళన్నీ ఆవిడ వాకిట్లోకి చేరి, లిల్లీలు నిలవ నీళ్ళలో నానిపోయి కుళ్ళాయి. నావి? మా వాకిలి ముందునుంచే ఎత్తు, నీళ్ళు చేరలేదు. కానుగ నీడ పోయి ఎండ తగిలేసరికి, మూడేళ్ళుగా మొరాయించినవి ఒక్కసారిగా పూశాయి. ఎండ వల్ల పూశాయని ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకా తెలివి ఎక్కడిది? నా చెయ్యి తిరిగిందనుకున్నాను. దేవుడు చూశాడనుకున్నాను.

దసరా అయ్యాక ఒక ఉదయం గంగమణక్క గోడ మీద మోచేతులానించి అడిగింది.

"చెల్లె, నీ తాన మస్తు గడ్డలున్నయ్ గద. నాకు నాలుగియ్యరాదూ? నాయన్ని మురిగిపాయె. మట్టి పోయించి మిట్ట జేసిన, గిప్పుడు నీళ్ళు నిలువయ్."

"నాలుగేంటక్కా, ఎన్ని కావాలంటే అన్ని తీసుకో. రేపు తవ్వి ఇస్తాను."

"జర పెద్దయి సూసి ఇయ్యి. చిన్నయ్ ఈ యేడు పూయయి."

రేపటికని ఎందుకన్నాను? చేతిలో గునపం ఉంది, ఎదురుగా పాదు ఉంది. అప్పుడే తవ్వివ్వచ్చు. అంటే అప్పటికే నాలో ఏదో కదిలిందా? దీపావళికి అమ్మ వస్తానంది. ఈసారి నా వాకిట్లో మాత్రమే పూలుండాలి. ఆ గోడ అవతల మొలక కూడా ఉండకూడదు. ఆ కోరిక నాకు ఉంది. దాన్ని ఇంకే పేరుతోనూ పిలవలేను, కుళ్ళు, అంతే.

మర్నాడు పొద్దున్నే తవ్వాను. ఏడు పెద్ద గడ్డలు ఏరాను. నాలుగడిగితే ఏడు, చూడండి నా మంచితనం! మట్టి కడగడానికి పెరట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు మరుగుతున్నాయి. బకెట్లోకి చన్నీళ్ళు పట్టుకోవచ్చు, కుళాయి పక్కనే ఉంది. నేను చెంబుతో మరిగే నీళ్ళు తీసి తపేలాలో పోశాను. ఒక గడ్డ వేశాను. ఒక్కటే, ఏమవుతుందో చూద్దామని. ఏమీ అవలేదు, మునిగి ఊరుకుంది. తర్వాత మిగిలిన ఆరూ వేశాను. మీద పళ్ళెం మూత పెట్టాను. లోపలికెళ్ళి మా పిల్లకి జడ వేశాను. రెండు జడలు, రిబ్బన్లతో సహా. ఆ తర్వాత వచ్చి నీళ్ళు వంపి, గడ్డలు తీసి, నీడలో ఆరబెట్టాను. పైపొర అలాగే ఉంది. ఎవరూ కనిపెట్టలేరు.

ఆ జడలు వేసిన సమయం నన్ను చంపుతుంది. ఏదో కోపంలో ఒక్క క్షణంలో జరిగిపోయిందని చెప్పుకోవడానికి లేకుండా చేసింది. పాయ మీద పాయ వేస్తూ నేనేం ఆలోచించాను? ఏమీ ఆలోచించలేదు. మనసు హాయిగా ఉంది. అదీ నిజం.

గడ్డలు పళ్ళెంలో పెట్టి గోడ మీదుగా ఇచ్చాను. ఆవిడ పళ్ళెం అందుకుని కళ్ళకద్దుకుంది. "ఏడిచ్చినవా? నీ కడుపు సల్లగుండ!" అంది.

అవి మొలకెత్తలేదు. ఆవిడ రోజూ పొద్దున్నే ఆ మిట్ట దగ్గర గొంతుకూర్చుని చూసేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. వారం, రెండు వారాలు, నెల. ఒకరోజు వేలితో మట్టి తీసి ఒక గడ్డ బయటికి లాగింది. మెత్తబడి, నల్లగా, చేతిలోనే చితికిపోయింది. మిగిలినవీ తీసింది. అన్నీ అంతే. గోడ దగ్గరికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెల్లె, నా చెయ్యి పాడైనట్టుందే."

"ఛ, అదేం మాటక్కా. చలికి కుళ్ళి ఉంటాయి."

"సలికి నీయి కుళ్ళలే గద."

నా వెనకాల నా లిల్లీలు పూసి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది, తన చేతిని చూసుకుంది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఏమయ్యేది? తిట్టేది. నాలుగు రోజులు మాట్లాడేది కాదు. అయిదో రోజు ఏదో కూర గిన్నె గోడ మీద పెట్టేది. అంతకుమించి ఏమీ అయ్యేది కాదు. చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయాను.

దీపావళికి అమ్మ అప్పటికే వచ్చి వెళ్ళింది. నా పూలు చూసి సంతోషించింది, జడలోనూ పెట్టుకుంది. కానీ గేటు లోపలికి రాగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఆవిడవి ఏమయ్యాయే పాపం?" నాకు అక్కడ కూడా మొదటి మాట దక్కలేదు.

యాసంగి నాట్లు వచ్చాయి. ఎప్పటిలాగే ఆటో వచ్చి ఆవిడ గుమ్మం ముందు ఆగింది. గంగమణక్క బయటికొచ్చి, "నన్ను పిలువకుండ్రి. నా చేతిల ఏమున్నదో నాకే ఎర్కలేదు. మీ పంట పాడైతే ఆ పాపం నాకెందుకు?" అంది. వాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. నాలుగు రోజులకే వీధంతా ఆ మాట తిరిగింది. ఆవిడే చెప్పుకుంటుంటే ఇక వేరేవాళ్ళేం అనాలి? ఎవరిదో నారుమడి ఎర్రబడితే, పోయినసారి ఆ చెయ్యే కదా పడింది అన్నారు. కూరగాయల బండి దగ్గర అన్నారు, నీళ్ళ కుళాయి దగ్గర అన్నారు. నేను అక్కడే ఉన్నాను. బిందె పెట్టుకుని, నా వంతు కోసం నిలబడి, అన్నీ విన్నాను.

ఆ తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రావట్లేదు. ఒక పొద్దున ఆటో నా గుమ్మం ముందు ఆగింది. వచ్చింది ఒక పెద్దాయన, గంగమణక్కని ఏటేటా తీసుకెళ్ళే రైతే. గేటు పక్కన పూసిన లిల్లీల్ని చూపించి, "బిడ్డా, ఆమెకు కుళ్ళినయ్ నీకు పూసినయంటున్నరు. నువ్వొచ్చి ముద్ద పెట్టు" అన్నాడు.

నేను వెళ్ళాను.

తలారా స్నానం చేసి, పసుపు రాసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఎలా తయారయ్యేదో అచ్చం అలాగే. మడిలో కాలు పెడితే బురద చల్లగా పిక్కలదాకా వచ్చింది. గట్టు మీద ఇరవై మంది నిలబడి నా చెయ్యి వైపు చూస్తున్నారు. నాకు సిగ్గేసిందంటే నమ్మకండి. నాకు సంతోషమేసింది. జీవితంలో మొదటిసారి నేను ఎవరికో కావలసినదాన్నయ్యాను. ఆ ఆనందం ఇంకొకరిదని తెలిసీ ఆనందించాను. ఒళ్ళో బియ్యం, రవికె గుడ్డ పెట్టారు. ఇంటికొచ్చాక, గంగమణక్కకి కనపడకుండా పెరటి దారిన వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. ఆవిడ కిటికీలోంచి చూసే ఉంటుంది.

అలా పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు నాట్లు వేసేది బీహార్ నుంచి వచ్చే కూలీలు. వాళ్ళకి ఈ పట్టింపులు లేవు. రైతులకున్నాయి. ఇప్పటికీ ఫోన్లు వస్తాయి, కారు పంపిస్తారు. నడుమ ఎదురింటివాళ్ళు రెండంతస్తులు కట్టారు. నా వాకిట్లో ఎండ పోయింది, లిల్లీలు మళ్ళీ ఆకులకే పరిమితమయ్యాయి. అప్పుడే నాకు అసలు సంగతి తెలిసింది. చెయ్యీ లేదు, గియ్యీ లేదు. ఎండ, నీడ, నిలవ నీళ్ళు. ఇంత చిన్న విషయం. ఈ మాట ఆవిడకి చెప్పి ఊరుకుంటే సరిపోతుందేమో, వేడినీళ్ళ సంగతి దాచేయచ్చేమోనని కూడా ఆలోచించాను. ఎంత దూరమైనా ఆలోచిస్తుంది నా బుర్ర.

నడుమ ఆవిడ కూతురి పెళ్ళయింది. పసుపు దంచే రోజు రోలుకి, రోకలికి పసుపు కొమ్ములు కట్టి సిద్ధం చేశారు. మొదటి పోటు ఎవరు వేయాలా అని ముత్తయిదువలంతా తల్లి వైపు చూశారు. గంగమణక్క రోకలి తీసుకుంది. తీసుకుని, నడుచుకుంటూ వచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వు పట్టు చెల్లె. నీ చెయ్యి మంచిది. నా బిడ్డ సంసారం సల్లగుండాలె."

పట్టుకున్నాను. దంచాను. ఆవిడ గోడ దగ్గరికి జరిగి, రెండు చేతులూ కొంగులో దాచుకుని చూస్తూ నిలబడింది. తన బిడ్డ పెళ్ళి పసుపు ఆవిడ ముట్టలేదు.

అప్పుడైనా చెప్పాల్సింది కదా? పెళ్ళింట్లో గొడవెందుకనుకున్నాను. పెళ్ళయ్యాక, పిల్ల కాపురానికి వెళ్ళనీ అనుకున్నాను. తర్వాత, ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడెందుకనుకున్నాను. మా అమ్మ పోయింది. నా పూలు జడలో పెట్టుకుని సంతోషంగానే పోయింది. ఇక ఎవరి కోసం దాస్తున్నానో నాకే తెలియదు.

ఆవిడ వాకిలంతా గచ్చు చేయించేసింది. మట్టి కనపడితే ఏదో ఒకటి నాటబుద్ధేస్తుందట. మిగిలింది తులసి కుండీ ఒక్కటే. అది ఎండిపోయినప్పుడల్లా మొక్క తెప్పించి నన్ను పిలుస్తుంది. నేను వెళ్ళి నాటి వస్తాను. మొన్న మళ్ళీ పిలిచింది.

మొక్క నా చేతిలో పెట్టి, ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కొంగులో పెట్టుకుంది. ఆవిడ జుట్టు సగానికి పైగా నెరిసింది. అంత నవ్వే మనిషి, తన నీడ మొక్క మీద పడుతుందేమోనని పక్కకు జరిగింది. నేను కుండీలో గుంట తీస్తున్నాను. చేతులు ఆగిపోయాయి.

"అక్కా, ఆ గడ్డలు నేను వేడినీళ్ళలో వేసి ఇచ్చాను."

"ఏ గడ్డలే?"

"లిల్లీ గడ్డలు. రోడ్డేసిన ఏడు నువ్వడిగావు చూడు. ఏడు గడ్డలు."

ఆవిడకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎర్కలేక ఏసినవా?"

నాకు దారి చూపిస్తోంది. అవునని ఒక్క మాటంటే చాలు. పొరపాటయిందక్కా, కడుగుతుంటే వేడినీళ్ళు పడ్డాయి, భయపడి చెప్పలేదు అనచ్చు. ఆవిడ నమ్మేది. నమ్మాలనే అడిగింది. ఆ దారిలోకి అడుగు పెట్టబోయాను కూడా, అబద్ధమెందుకు.

"కాదక్కా. తెలిసే వేశాను. నీకు పూయకూడదని వేశాను."

గంగమణక్క మెట్టు మీద కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! వీధి చివరిదాకా వినపడేలా తిట్టి ఉంటే. కుండీ వైపు చూస్తూ, నాతో కాకుండా ఇంకెవరితోనో అన్నట్టు అంది.

"మరి నా బిడ్డ పసుపు..."

అక్కడే ఆగిపోయింది. క్షమించమని అడగాలని వచ్చింది నోటిదాకా. అడిగితే, ఆవిడ స్వభావానికి పోనీలే అనేస్తుందేమో. అనిపించుకునే హక్కు నాకు లేదు. అడగలేదు.

లేచింది. నా ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఇయ్యి గిటు."

నా చేతిలోంచి తులసి మొక్క తీసుకుంది. కుండీ ముందు గొంతుకూర్చుంది. మట్టిలో పెట్టబోయి ఆపేసింది, మళ్ళీ పెట్టింది. మొక్క నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో మొదట్లో అదిమింది. అదిమిన చేతులు చాలాసేపు తీయలేదు.

"ఇగ నువ్వు పో" అంది, నా వైపు చూడకుండానే.

వచ్చేశాను. ఇది జరిగి పన్నెండు రోజులైంది. ఆవిడ గోడ దగ్గరికి రాలేదు, నేనూ పిలవలేదు. నాట్ల రోజులు దగ్గరపడుతున్నాయి, ఫోన్లు వస్తాయి. ముద్ద పెట్టాల్సింది నేను కాదు, పక్కింటి ఆవిడ అని చెప్పాలి. ఎందుకని అడుగుతారు. ఎందుకో కూడా చెప్పాలి, కారు పంపేవాళ్ళందరికీ, కుళాయి దగ్గర నాతో నిలబడ్డవాళ్ళందరికీ. అందుకే ముందు మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు కాబట్టి. నోటికి అలవాటు కావాలి కదా. ఆవిడ క్షమిస్తుందా అని అడగకండి, నాకు తెలియదు. నేను ఆవిడైతే క్షమించను. కానీ ఇది రాస్తున్నంతసేపూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. పద్దెనిమిదేళ్ళలో గంగమణక్క గురించి మాట్లాడుతూ నేను ఒక్క అబద్ధం ఆడకుండా ఉండటం ఇదే మొదటిసారి. గడ్డల్ని నేనే చంపాను. ఆవిడ చెయ్యి ఎప్పుడూ మంచిదే.